పోచమ్మకు చెప్పిన తారీఖు

నారాయణఖేడ్‌లో దర్జీ నోట ‘రేపు’ అన్న మాట వస్తే ఎవరూ నమ్మరు. నమ్మరన్న సంగతి దర్జీకీ తెలుసు. బజార్లో మిషన్ పెట్టుకున్న వీరేశ్ అయితే ఆ మాటకు కొత్త అర్థమే చెబుతాడు.

“రేపంటే రేపు అని ఎవడు చెప్పిండు? రేపంటే ఇయ్యాల కాదని. గంతే.”

రేపు అన్నవాడి దగ్గరికి జనం నాలుగో రోజు వెళ్తారు. అప్పటికి ఇంకా హుక్కులు కుట్టడం మిగిలే ఉంటుంది. చాయ్ తాగి రమ్మంటాడు. ఇదంతా చూసి చూసి జనం కూడా తమ ఏర్పాటు తాము చేసుకున్నారు. దర్జీకి అసలు తారీఖు చెప్పరు. పెండ్లి ఇరవై అయిదున ఉంటే పదిహేను అంటారు. బిడ్డను తొట్టెలలో వేసే పండుగ వచ్చే వారం ఉంటే ఎల్లుండే అంటారు. దర్జీ పది రోజులు వెనక్కి జరుపుతాడు, వీళ్లు పది రోజులు ముందుకు జరుపుతారు, రెండు అబద్ధాలూ కలిసి ఎలాగో ముహూర్తానికి జాకెట్ ఒంటి మీదికి వస్తుంది. ఇందులో తప్పుందని ఎవరికీ తోచదు.

మల్లీశ్వరి ఒక్కతే ఈ ఏర్పాటులో ఇమడలేదు.

బస్టాండు వెనక గల్లీలో ఆమె ఇల్లు. ముందుగదిలో కిటికీ పక్కన మిషన్, దాని పక్కన చెక్కబల్ల, బల్ల మీద కుట్టాల్సిన బట్టల మూటలు ఒకదాని మీద ఒకటి. కొత్తవాళ్లు గుడ్డ తెస్తే ఆమె వెంటనే రోజు చెప్పదు. ఆ మూటల కుప్ప మీద కుడిచెయ్యి పెడుతుంది. పై నుంచి కింది దాకా ఒక్కో మూటనూ వేలితో తాకుతూ లెక్కపెడుతుంది. కరెంటు పోయే పూటలు, ఒక్కపొద్దు ఉండే రోజు, ఎవరింటికైనా పోవాల్సిన కార్యం, అన్నీ మనసులో తీసేసుకుని అప్పుడు రోజు చెబుతుంది. చెప్పిన రోజున జాకెట్ ఇస్త్రీ చేసి, మిగిలిన గుడ్డ ముక్కలతో సహా, సిద్ధంగా ఉంటుంది. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి తప్పింది. అది ఆమె అత్త పోయిన రోజు. ఆ రోజు కూడా ఎదురింటి పిల్లను పంపి, ఇవ్వలేకపోతున్నానని కబురు చేసింది.

కుప్ప మీద చెయ్యి పెట్టడం ఆమెకు నేర్పింది జోహరాబీ. మల్లీశ్వరి డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా సెలవుల్లో సరదాకు కుట్టు నేర్చుకుంటానని వెళ్తే, జోహరాబీ ఆరు నెలలు కత్తెర ముట్టనివ్వలేదు. కాజాలు కుట్టించింది, కుట్లు విప్పించింది. రోజు మాత్రం రెండేళ్ల దాకా చెప్పనివ్వలేదు. వచ్చినవాళ్లతో మల్లీశ్వరి నోరు జారి ‘ఎల్లుండి’ అంటే, వాళ్లు వెళ్లాక జోహరాబీ ఆమె మణికట్టు పట్టుకుని తెచ్చి మూటల మీద పెట్టేది. “వీళ్లందరిని అడిగినవా? వీళ్లు ముందే వచ్చి కూసున్నరు గద బేటీ.” ఆ ముసలి చెయ్యి బిగువు మల్లీశ్వరికి ఇప్పటికీ మణికట్టు మీద ఉన్నట్టే ఉంటుంది.

పొద్దు గూకాక మిషన్ తొక్కకపోవడం మాత్రం సొంత నియమం. ఒకసారి మసక వెలుతురులో సూది గోటిలోంచి దిగి, ఎవరిదో పట్టు జాకెట్ చేతి మీద నెత్తురు చుక్క పడింది. వేలి నొప్పి వారంలో పోయింది. ఆ చుక్క మాత్రం ఇంకా కళ్ల ముందే ఉంది.

అలాంటి మల్లీశ్వరి దగ్గరికి మూడో తారీఖు సోమవారం రుక్కమ్మ వచ్చింది. కల్హేర్ రోడ్డులో విత్తనాల దుకాణం నడిపే కిష్టప్ప భార్య. పెద్ద కుటుంబం, పెద్ద నోరు. ఇన్నాళ్లూ వీరేశ్ దగ్గర కుట్టించిన మనిషి, ఇప్పుడు కొడుకు బస్వరాజ్ పెండ్లికని పద్నాలుగు జాకెట్ల గుడ్డలు ఆటోలో వేసుకుని మల్లీశ్వరి గుమ్మం ఎక్కింది. కోడలికి అయిదు, తనకు మూడు, మిగతావి అక్కచెల్లెళ్లకు.

“పెండ్లి పదహారు, ఆదివారం. శుక్రారం పద్నాలుగుకు అన్ని నా చేతిల పడాలె. పడ్తయా?”

మల్లీశ్వరి కుప్ప మీద చెయ్యి పెట్టింది. రుక్కమ్మ చూసి నవ్వింది.

“ఏందే, గా మూటల మీద ఒట్టు పెట్టుకుంటున్నవా?”

“లెక్క చూస్తున్న అక్కా.” కొంచెం సేపయ్యాక మల్లీశ్వరి తలెత్తింది. “శుక్రారం పడ్తయి. శుక్రారం పొద్దుగూకే లోపల.”

ఆ మాటతో శుక్రవారం దాకా ఆమె పగళ్లన్నీ నిండిపోయాయి.

శనివారం నుజహత్ వచ్చింది. జోహరాబీ కూతురి బిడ్డ. తొమ్మిదేళ్ల వయసులో సిర్గాపూర్ దారిలో ఆటో బోల్తా పడి ఎడమ మోచెయ్యి విరిగింది. ఎముక సరిగ్గా అతకలేదు. ఆ చెయ్యి రెండంగుళాలు పొట్టిగా, సన్నగా ఉండిపోయింది. దుకాణంలో కొన్న డ్రస్ ఏది వేసుకున్నా ఎడమ చేతి గుడ్డ వేళ్ల మీదికి జారి వేలాడుతుంది. మల్లీశ్వరి కుడితే మాత్రం భుజం దగ్గర లోపల ఒక మడత, మోచేతి దగ్గర ఇంకో మడత పడి, రెండు చేతుల అంచులూ ఒక్కచోటికి వస్తాయి. చూసేవాళ్లు ముందు మనిషిని చూస్తారు, చెయ్యిని తర్వాత చూస్తారు. దానికి రెండుసార్లు వేసి చూడాలి, రెండుసార్లు విప్పాలి. ఒక డ్రస్‌కే పూర్తిగా ఒక రోజు పడుతుంది.

“ఆంటీ, సంగారెడ్డిల కాలేజీ లైబ్రరీల నౌకరి వచ్చింది. వచ్చే శనివారమే చేరాలె.” ఆకుపచ్చ గుడ్డ బల్ల మీద పెట్టింది. మొహం వెలిగిపోతోంది.

మల్లీశ్వరి చెయ్యి అలవాటుగా కుప్ప మీదికి వెళ్లింది. లెక్కపెట్టాల్సిన పని లేదు. అయినా లెక్కపెట్టింది, ఒకటికి రెండుసార్లు.

“శనివారం లోపల కాదు బిడ్డా. పద్నాలుగు జాకెట్లకు శుక్రారం అని మాటిచ్చిన. ఆదివారమైతే ఇస్త.”

“ఆదివారం ఏం చేసుకోవాలె ఆంటీ?”

నుజహత్ బతిమాలలేదు. జోహరాబీ ఇంట్లో పెరిగిన పిల్ల, కుప్ప మీద చెయ్యి పెట్టి కాదంటే ఏమిటో ఆమెకు తెలుసు. గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుంది. “సరే తియ్యి. రెడీమేడ్ తీస్కుంట. పైన దుపట్టా కప్పుకుంటే ఎవరికి కనబడ్తది.”

ఆ దుపట్టా మాట మల్లీశ్వరికి రెండు రోజులు ముల్లులా గుచ్చుతూనే ఉంది.

సోమవారం పొద్దున కిష్టప్ప వచ్చాడు. చేతిలో పసుపు పూసిన పెండ్లి కార్డుల కట్ట. వీరేశ్ కూడా అప్పుడే వచ్చి కూర్చున్నాడు. మల్లీశ్వరికి సొంత మరిది. బజార్లో తన కత్తెర మొండిదైనప్పుడల్లా వదినది అడుక్కోవడానికి వస్తాడు.

“మొదటి కార్డు పొద్దుగాల్నే బోరంచ పొయ్యి నల్లపోచమ్మ కాళ్ల కాడ పెట్టొచ్చిన మల్లీశ్వరీ,” అన్నాడు కిష్టప్ప, కార్డు అందిస్తూ. “ఇగ నీకు. ఇంటిల్లిపాది రావాలె. ఇరవై ఆరు, బుధవారం. యాది మరువకు.”

మల్లీశ్వరి కార్డు విప్పింది. ఇరవై ఆరు. బుధవారం. అచ్చులో పడి ఉంది. తప్పు అచ్చేమోనని కిష్టప్ప మొహం చూసింది. ఆ మొహంలో ఏ దాపరికమూ లేదు. పాపం, భార్య దర్జీకి ఏ తారీఖు చెప్పిందో ఆయనకు తెలియదు.

కిష్టప్ప గల్లీ మలుపు తిరిగాడో లేదో వీరేశ్ పగలబడి నవ్వాడు.

“దొరికిండ్రు వదినా! పది రోజులు జరిపింది. నాకైతే ఎప్పుడు పదిహేను జరుపుతుండె, నీకు మర్యాద ఇచ్చినట్టే. ఇగ నీకేం పరేషాన్? గా మూట పక్కకు నూకు. నుజహత్ డ్రస్ కుట్టు. అబద్ధం ఆడింది ఆమె గద.”

“ఆమె చెప్పింది ఆమె తారీఖు. శుక్రారం అన్నది నేను.”

“అబద్ధానికి ఇచ్చిన మాట గూడ మాటనేనా?”

మల్లీశ్వరి కార్డును మళ్లీ కవర్లో పెట్టింది. నిజానికి వీరేశ్ అడిగింది చిన్న ప్రశ్న కాదు. తన ప్రశ్న కూడా అదే. జాకెట్లు పక్కకు తోసి, రుక్కమ్మ అడిగితే కార్డు చూపిస్తే ఊరంతా తనదే న్యాయం అంటుంది. కానీ అలా తోసిన రోజు నుంచి తన ‘శుక్రవారం’ కూడా వీరేశ్ ‘రేపు’ లాంటిదే అవుతుంది. గుడ్డ తెచ్చినవాళ్లు నిజం చెప్పారా లేదా అన్నదాన్ని బట్టి మారే మాట. అందుకు ఆమె మనసు ఒప్పలేదు. పోనీ, ఇచ్చిన మాటను ఎవరికి ఇచ్చిందో వాళ్లే వెనక్కి ఇవ్వొచ్చు. అడిగితే తప్పేముంది? చెప్పులు వేసుకుని బయల్దేరింది.

“కత్తెర ఏది వదినా?” వెనక నుంచి అరిచాడు వీరేశ్.

“రేపు ఇస్త!” అంది. నడుస్తూనే నవ్వు వచ్చింది.

రుక్కమ్మ ఇంటి వసారాలో నలుగురు ఆడవాళ్లు చేటల్లో పసుపు కొమ్ములు ఏరుతున్నారు. ఆమె చెల్లెలు ఇంద్రమ్మ, మిగతావాళ్లు వాడకట్టువాళ్లు. మల్లీశ్వరిని చూసి రుక్కమ్మ చేట దించింది.

“అయిపొయ్యినయా అప్పుడే?”

“నాలుగైనయి. అక్కా, ఒక్క మాట. కార్డు అందింది. పెండ్లి ఇరవై ఆరు అని ఉన్నది.”

ఇంద్రమ్మ కిసుక్కున నవ్వింది. రుక్కమ్మ మొహం ఒక్క క్షణం ఎర్రబడి, మళ్లీ గట్టిపడింది.

“ఉంటే ఏంది? దర్జోళ్లకు అసలు తారీఖు ఎవరు చెప్తరే? నువ్వు ఏ ఊర్ల ఉంటున్నవ్?”

“నేను రేపు అని ఎల్లుండి ఇచ్చిన్నా, ఎవరికన్న?”

“లేదు. అందుకే గద నీ కాడికి వచ్చిన.”

“మరి నాకెందుకు అబద్ధం? పోచమ్మకు కార్డుల ఇరవై ఆరు అని చెప్పిండ్రు. నాకు పదహారు అన్నవ్. ఆమెకు చెప్పిన తారీఖు నాకు చెప్పరాదా అక్కా?”

“పోచమ్మ జాకెట్లు కుడుతదానే?”

వసారా అంతా నవ్వులు. మల్లీశ్వరి కూడా నవ్వకుండా ఉండలేకపోయింది. నవ్వులు ఆగాక మెల్లగా చెప్పింది. “నేను లొల్లికి రాలే. ఒక పిల్లకు శనివారం నౌకరి ఉన్నది. ఆమె బట్టలు నేనే కుట్టాలె, ఇంకెవరికి ఆ కొలత రాదు. నీకు శుక్రారం అక్కర లేకపోతే, ఆ శుక్రారం నాకు వాపసు ఇయ్యి. నీవి మళ్ల మంగళవారం ఇస్త. అడుగుదామని వచ్చిన.”

రుక్కమ్మ పసుపు కొమ్మును గోటితో గీరుతూ ఉండిపోయింది.

“నా పెండ్లిల దర్జీ రేపు రేపు అన్నడు,” అంది చివరికి, ఎవరి మొహమూ చూడకుండా. “ముహూర్తం నాటికి గూడ రేపే. మా మేనత్త జాకెట్ తొడిగిండ్రు. రెండు జాన్ల వదులు. వెనక ఆరు పిన్నీసులు పెట్టిండ్రు. పీటల మీద ఒంగుతే గుచ్చుకుంటుండె. ఫొటోల ఇయ్యాల్టికి నేను కట్టె లెక్క నిలబడి ఉంట. అందరు సిగ్గుపడ్తున్న అనుకున్నరు.” తలెత్తింది. “నా కోడలు గట్ల కూసోవద్దు. పద్నాలుగు అన్న గద. పద్నాలుగే. ఇయ్యను.”

“సరే అక్కా.” మల్లీశ్వరి లేచింది. “శుక్రారం నీదే.”

అంతే అంది. దెప్పలేదు, దీవించలేదు. గేటు దాటుతుంటే వెనక ఇంద్రమ్మ అంటున్నది వినబడింది: “చూడు, ఇగ పెండ్లి అయినంక గూడ ఇయ్యదు.”

అక్కడి నుంచి తిన్నగా జోహరాబీ ఇంటికి వెళ్లింది. జోహరాబీకి ఇప్పుడు రెండు కళ్లలోనూ పువ్వులు పడ్డాయి. మనుషులను అడుగుల చప్పుడుతో గుర్తుపడుతుంది. మంచం మీద కూర్చుని అంతా విని, చెయ్యి చాచి మల్లీశ్వరి మణికట్టు వెతికి పట్టుకుంది.

“ఇచ్చినవా మాట?”

“ఇచ్చిన.”

“మరి నన్ను అడిగేటందుకు ఏమున్నది?” పట్టు మాత్రం వదలలేదు. “పిల్ల ఏడుస్తది. ఏడ్వనియ్యి. నా కండ్లు బాగుంటే నేనే కుడుతుంటి.”

నుజహత్ ఏడవలేదు. గుమ్మంలో నిలబడి అన్నీ విని, అమ్మమ్మతో “నానీ, నువ్వే గద ఈమెకు నేర్పింది. అనుభవించు,” అని లోపలికి పోయింది. మాటలో నవ్వుంది. లోపలికి పోయిన అడుగుల్లో లేదు.

మంగళవారం, బుధవారం మల్లీశ్వరి మిషన్ ఆగలేదు. చిత్రమేమిటంటే ఆ రెండు రోజుల కుట్టు ఆమె జన్మలో కుట్టినవాటిలోకెల్లా శుభ్రంగా వచ్చింది. కోపంతో కుడితే దారం తెగుతుందని భయపడింది. తెగలేదు. అబద్ధం చెప్పిన మనిషి జాకెట్ కదా అని లోపలి మడత ఒక పోగు కూడా తగ్గించలేదు. మనిషి ఒళ్లు చేస్తే విప్పుకోవడానికి అంగుళం గుడ్డ ఎప్పటిలాగే లోపల వదిలింది.

బుధవారం మధ్యాహ్నం కిష్టప్ప అటుగా పోతున్నట్టు వచ్చి, మంచినీళ్లు అడిగి, తాగుతూ దండెం మీద వేలాడుతున్న జాకెట్లను కళ్లతోనే లెక్కపెట్టాడు.

“ఎనిమిది బావా,” అంది మల్లీశ్వరి, మిషన్ మీంచి తల ఎత్తకుండా. “అక్కకు చెప్పు.”

కిష్టప్పకు తాగుతున్న నీళ్లు గొంతులో కొరబోయి దగ్గు వచ్చింది.

గురువారం పొద్దున ఎండ గుమ్మంలోకి రాకముందే రుక్కమ్మ వచ్చింది. వెంట ఇంద్రమ్మ. దండెం మీద పది ఉన్నాయి. రుక్కమ్మ కోడలి ఎర్ర జాకెట్ తీసి లోపలి వైపు తిప్పింది. కుట్ల మీద వేలు పోనిచ్చింది. లోపల వదిలిన అంగుళం గుడ్డ దగ్గర వేలు ఆగింది.

“తెలిసినంక గూడ గిట్లనే కుట్టినవా?”

“కుట్టు వేరే ఉంటదా అక్కా?”

రుక్కమ్మ ముక్కాలి పీట లాక్కుని కూర్చుంది. “మొన్న నువ్వు పొయ్యినంక మా ఇంద్రమ్మతో పందెం కట్టిన. నువ్వు కోపానికి నావి అడుగున పడేస్తవని నేను అన్న. ఈమె గూడ గదే అన్నది. ఇద్దరం ఒక్కటే అంటే ఇగ పందెం ఎట్లయితది? అందుకే మీ బావను పంపిన. ఎనిమిది అని వచ్చి చెప్పిండు. నాకు నిద్ర పట్టలే.” గొంతు సవరించుకుంది. గడప అవతల చీపురుతో నిలబడ్డ పక్కింటి ఆమెకు కూడా వినబడేంత గట్టిగా అంది: “పెండ్లి ఇరవై ఆరు, బుధవారం. పోచమ్మకు చెప్పిన తారీఖే నీకు చెప్తున్న. నీ శుక్రారం నువ్వు తీస్కో. మిగిలిన నాలుగు ఎప్పుడిస్తవో నువ్వే చెప్పు.”

మల్లీశ్వరి కుప్ప మీద చెయ్యి పెట్టింది. పై నుంచి కింది దాకా ఒక్కో మూటనూ వేలితో తాకింది.

“మంగళవారం, పద్దెనిమిది,” అంది మల్లీశ్వరి.

“మంగళవారం అంటే మంగళవారమే గద,” అని ఇంద్రమ్మ ఏదో అనబోయింది. రుక్కమ్మ మోచేత్తో పొడిచింది. “నోర్మూస్కోవే. ఇక్కడ గా ముచ్చట అడగరు.”

నుజహత్‌కు కబురు అందేసరికి ఆమె రెడీమేడ్ డ్రస్ ఒకటి కొని తెచ్చుకుని ఉంది. దాన్ని సంచిలోంచి తీయకుండానే ఆకుపచ్చ గుడ్డ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. గురువారం సాయంత్రానికి ఒకసారి వేసి చూశారు. భుజం మడత అర అంగుళం ఎక్కువైంది. విప్పారు. శుక్రవారం మధ్యాహ్నం మళ్లీ వేసి చూశారు. నుజహత్ అద్దం ముందు రెండు చేతులూ చాచి నిలబడింది. ఆకుపచ్చ అంచులు రెండూ రెండు మణికట్ల మీద ఒక్క గీతలో ఆగాయి. జోహరాబీ ఆటోలో వచ్చి కూర్చుని ఉంది. మనవరాలి చేతులు పట్టుకుని, బొటనవేళ్లతో ఆ అంచులు తడిమి, రెండింటినీ పక్కపక్కన పెట్టి కొలిచింది. ఆమె ఎవరినీ మెచ్చుకునే మనిషి కాదు.

“కాజా జర వదులున్నది,” అంది. కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి.

శనివారం పొద్దున సంగారెడ్డి బస్సు ఎక్కేటప్పుడు నుజహత్ దుపట్టాను మెడ చుట్టూ వేసుకుంది, చేతుల మీద కాదు. కిటికీలోంచి రెండు చేతులూ ఊపింది. బస్సు కదిలి చౌరస్తా దాటేదాకా మల్లీశ్వరి బస్టాండులోనే నిలబడి చూసింది. చేతి నిండా పని ఉన్న మనిషి అలా నిలబడటం చూసి చాయ్ బండివాడు కూడా ఆశ్చర్యపోయాడు.

ఇరవై ఆరున పెండ్లికి వెళ్లింది. నాలుగు జాకెట్లూ పద్దెనిమిదినే ఇచ్చేసింది కాబట్టి నిశ్చింతగా ముందు వరుసలో కూర్చుంది. అక్షింతలు వేసి దిగుతుంటే రుక్కమ్మ చెయ్యి పట్టి లాక్కుపోయి పది మంది చుట్టాల మధ్య నిలబెట్టింది. కొంగు పక్కకు లాగి తన వీపు వాళ్లకేసి తిప్పింది.

“చూడుండ్రి. ఒక్క పిన్నీసు లేదు. నా కోడలికి గూడ లేదు. ఈమెనే కుట్టింది.”

సిర్గాపూర్ నుంచి వచ్చిన చుట్టం ఒకామె, రజిత అట, ముందుకు జరిగింది. “మా బిడ్డ పెండ్లి గూడ ఉన్నది వదినా. వచ్చే నెల నాలుగు...”

రుక్కమ్మ ఆమె వైపు చూసింది. చూసింది, అంతే.

రజిత నీళ్లు నమిలింది. “పద్నాలుగు,” అంది మెల్లగా. “అసలుది పద్నాలుగు. పన్నెండు జాకెట్లు. అయితయా?”

మల్లీశ్వరి చెయ్యి గాలిలోకి లేచింది. అక్కడ మూటల కుప్ప లేదు, పెండ్లి భోజనాల బల్ల ఉంది. చెయ్యి వెనక్కి తీసుకుని నవ్వింది.

“ఇక్కడ చెప్పరాదు వదినా. ఇంటికి రా. కుప్ప మీద చెయ్యి పెట్టి చెప్త.”